గుటక చప్పుడు

ముప్పై రెండు ప్రశ్నలు. ఒక్కోదానికీ మూడేసి గళ్ళు:
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా.
ఒంగోలు నుంచి తొలి బస్సులో
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను,
గుడ్ల బుట్ట తెచ్చినట్టు.

కనిగిరి దాటితే ఎర్రరంగు పూసిన చేతిపంపులు,
తాగొద్దని.
మనుషులు తాగేశాక పూసిన రంగు అది.
"వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళే ఇళ్ళలో
ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలు"
అని నా కాగితం మీద అచ్చేసి ఉంది.
ఈ ఊళ్ళో అలాంటి ఇళ్ళు పదకొండు.
నాలుగోది మాలకొండయ్యది.

వసారాలో నులకమంచం, మంచం మీద ఆయన,
తలగడ కింద ఆసుపత్రి చీటీలు.
పోయేటప్పుడు యాభై ఎనిమిది కిలోలు,
వచ్చేటప్పుడు యాభై ఐదున్నర.
నాలుగో తరగతి వెంగమాంబ
తీసివేతలు ఆ చీటీల మీదే నేర్చుకుంది.
"జబ్బు గురించి నీకెవరైనా చెప్పారా?"
"ఎవురూ చెప్పలా. లెక్క జూస్తే తెలస్తది గదా."

నా దగ్గర నాలుగు బొమ్మ ముఖాలున్నాయి:
నవ్వేది, ఏడ్చేది, కోపంది, భయంది.
ఇవాళ నువ్వు ఏదమ్మా అని పరిచాను.
కోపంది వాళ్ళమ్మకిచ్చింది.
భయంది జేజికి.
ఏడుపుది కాసేపు చేతిలో పట్టుకుని
కట్టేసిన గేదె వైపు చూసి, దానికిచ్చింది:
దూడ చచ్చిపోయిందంట.
నవ్వేది నాయనకి.
"డయాలసిస్ అయినాక సాయంత్రం ఇట్టానే ఉంటాడు, కాసేపు."
మరి నీకో?
"నాకొద్దులే అక్కా."
నాలుగూ ఏరి, అంచులు నేలకి తట్టి సమం చేసి,
రబ్బరుబ్యాండు వేసి నా చేతికిచ్చింది.

బడిలో టీచరు ముందే చెప్పింది,
"బంగారం అండీ, నోరెత్తదు."
కోపం వస్తుందా: ఎప్పుడూ లేదు.
నిద్రలో ఉలిక్కిపడతావా: ఎప్పుడూ లేదు.
అల్లరి చేసి తిట్లు తిన్నావా:
ఈ ప్రశ్నకి మాత్రం నవ్వింది,
నేనేదో వేరే దేశం సంగతి అడిగినట్టు.
గళ్ళన్నీ ఎడమ పక్కే నిండాయి.
కూడితే తొమ్మిది మార్కులు.
తక్కువొస్తే మంచిదని మాకు శిక్షణలో చెప్పారు.

ఏప్రిల్ నెల. నాలుక పిడచకట్టుకుపోయింది.
కాసిని మంచినీళ్ళమ్మా అన్నాను.
పిల్ల నోటిమీద వేలు పెట్టింది.
కళ్ళతోనే పిలిచి, ఇల్లు చుట్టి,
గడ్డివామి వెనక్కి తీసుకుపోయింది.
అక్కడ బోర్లించిన గంప కింద
ఒక బాటిలు, ఒక స్టీలు గ్లాసు.

"నాయనకి రోజుకి అరలీటరే.
మనం తాగతా ఉంటే ఇనపడుద్ది.
ఎత్తిపోసుకోబాకు, గడగడమంటది.
కరిచి తాగాల.
నోట్లో ఉంచుకుని, బుగ్గలో ఉంచుకుని,
వొదిలినట్టు తెలవకుండా వొదలాల."

చెప్పినట్టే తాగాను.
మొదటి గుక్కకి చప్పుడైంది.
పిల్ల తల అడ్డంగా ఊపింది, పంతులమ్మలా.
మూడో గుక్కకి కుదిరింది.

నాకూ ఇలాంటి చదువొకటి వచ్చు.
మా తమ్ముడికి ఫిట్స్ వచ్చే రోజుల్లో
చప్పుడు కాకుండా గొళ్ళెం తీయడం నేర్చుకున్నాను.
ఇప్పటికీ నా గదిలోకి నేనే
దొంగలా వెళ్తుంటాను.
ఈ సంగతి ఏ ఫారంలోనూ రాయలేదు,
అడిగినవాళ్ళూ లేరు.

కాగితం చివర "ఇతర వివరాలు" అని
అంగుళం జాగా ఉంటుంది.
నీళ్ళు చప్పుడు లేకుండా తాగుతుంది, అని రాశాను.
ఫోన్లో మేడమ్ అడిగారు,
"ఇది ఏ ప్రశ్న కిందికి వస్తుంది?"
తెలీదు మేడమ్ అన్నాను.

సాయంత్రం పొదిలిలో బస్సెక్కిన ఒక పిల్లాడు
నా వెనక సీట్లో సీసా ఎత్తి
గటగటా తాగుతున్నాడు, గొంతులో కోడిపుంజు ఉన్నట్టు.
చొక్కా తడిసింది, వాళ్ళమ్మ వీపున ఒకటేసి
"మెల్లంగా తాగి చావరా" అంది.
నేను వెనక్కి తిరిగి
"తాగనీ అమ్మా, తాగనీ" అన్నాను.
గొంతు కాస్త పెద్దదైనట్టుంది.
కండక్టరు కూడా చూశాడు.